మనాలి–లేహ్ సైకిల్ మార్గం

హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలిని లద్దాఖ్‌లోని లేహ్‌తో కలిపే కొండ రహదారి. 3వ జాతీయ రహదారిలో భాగం. పీర్ పంజాల్ శ్రేణిని, ప్రధాన హిమాలయాన్ని, జాన్‌స్కర్ శ్రేణిని వరసగా దాటి సింధు లోయలోకి దిగుతుంది. మంచు కారణంగా ఏడాదిలో సగం కాలం మూసి ఉంటుంది. సైకిల్ మీద వెళ్లేవారికి జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అనుకూలమైన కాలం. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు, లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. ఈ రెండు అంకెలు మాత్రమే చూసి దారిని అంచనా వేసుకున్నవారు పొరబడతారు, ఎందుకంటే నడుమ దారి రెండుసార్లు 5,000 మీటర్లు దాటుతుంది.

దూరం విషయంలో పుస్తకాలు ఏకీభవించవు. పాతవాటిలో 473 నుంచి 490 కిలోమీటర్ల దాకా రకరకాల లెక్కలున్నాయి, కొత్తవి 430కి అటూ ఇటూగా చెబుతాయి. ఈ తేడాకు ముఖ్య కారణం 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం. 9.02 కిలోమీటర్ల ఈ సొరంగం రోహ్‌తంగ్ కనుమను తప్పించి దారిని 46 కిలోమీటర్లు తగ్గించింది. సైకిల్ యాత్రకు మాత్రం కనుమ మీదుగా పోయే పాత లెక్కనే ప్రమాణంగా తీసుకోవడం మేలు. దూరం, శ్రమ పెరిగినా, శరీరం ఎత్తుకు అలవాటు పడడం మొదలయ్యేది అక్కడే.

చరిత్ర

కులూ, లాహుల్ లోయల నుంచి బారాలాచా మీదుగా లద్దాఖ్‌కు వర్తకుల బాట ఎంతో కాలంగా ఉంది. ఈస్టిండియా కంపెనీ పశువైద్యుడు విలియం మూర్‌క్రాఫ్ట్ 1820లో ఈ దిక్కుగానే లేహ్ చేరాడు. ఆయన యాత్రా వృత్తాంతం 1841లో అచ్చయింది. నేటి రోడ్డు సైనిక అవసరాల కోసం పుట్టింది, సరిహద్దు రోడ్ల సంస్థ దాన్ని నిర్వహిస్తోంది. లద్దాఖ్‌లోకి పర్యాటకులను 1974 నుంచి అనుమతించారు. ఈ రోడ్డు మాత్రం 1980ల చివర్లో గాని సాధారణ ప్రయాణికులకు తెరుచుకోలేదని ఎక్కువమంది రాస్తారు.

బరువు లారీల కోసం వేసిన రోడ్డు కావడంతో ఎక్కుడు నిటారుగా ఉండదు. చాలాచోట్ల వాలు 4 నుంచి 6 శాతం లోపే. తిరుమల ఘాట్ రోడ్డు తొక్కినవారి కాళ్లకు ఈ వాలు కొత్త కాదు, కొత్తగా ఉండేది గాలి. 5,300 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే.

కనుమలు, వాటి ఎత్తులు

లద్దాఖీ భాషలో ‘లా’ అంటేనే కనుమ. కాబట్టి ‘తంగ్లంగ్ లా కనుమ’ అని రాస్తే ఒకే మాట రెండుసార్లు అన్నట్టవుతుంది. ఈ వ్యాసంలో ‘లా’ను మాత్రమే వాడాం.

మొదటిది రోహ్‌తంగ్, 3,978 మీటర్లు. మనాలి నుంచి 51 కిలోమీటర్లలో దాదాపు 1,900 మీటర్లు ఎక్కాలి. ఈ పేరుకు ‘శవాల గుట్ట’ అని అర్థం చెబుతారు. దాని అవతల చంద్రా నది లోయ, తాండీ దగ్గర చంద్రా, భాగా నదుల సంగమం. కలిసిన ప్రవాహమే దిగువన చీనాబ్. తాండీ పెట్రోలు బంకు దగ్గర ‘తరవాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో’ అన్న బోర్డు చాలాకాలం ఉండేది. సైకిలుకు పెట్రోలుతో పని లేకపోయినా, ముందున్న దారి ఎంత నిర్జనమో ఆ బోర్డు చెప్పేది.

రెండోది బారాలాచా లా. దీనికి 4,850 నుంచి 4,890 మీటర్ల దాకా లెక్కలున్నాయి. భాగా నది పుట్టే సూరజ్ తాల్ సరస్సు కనుమకు కాస్త కిందనే, రోడ్డు పక్కన ఉంది. ఇక్కడి నీళ్లు మూడు దారులు పడతాయి: భాగా నైరుతికి, చంద్రా ఆగ్నేయానికి, యునామ్ ఉత్తరానికి.

సర్చూ మైదానం దాటాక గాటా మలుపులు వస్తాయి. ఇవి 21 హెయిర్‌పిన్ మలుపులని అందరూ రాస్తారు. లెక్కపెడుతూ తొక్కినవారిలో కొందరు 22 అంటారు, మొదటి వంపును కలపడం, వదిలేయడంలో వచ్చే తేడా కావచ్చు. పై మలుపు నుంచి చూస్తే కింది వంపులన్నీ గోధుమరంగు కొండ మీద మడతలు వేసి పరిచిన తాడులా కనిపిస్తాయి. మలుపుల మధ్య ఒకచోట చిన్న గుడిలాంటి కట్టడం, చుట్టూ గుట్టగా నీళ్ల సీసాలు. మంచులో చెడిపోయిన లారీకి కాపలాగా మిగిలి, దాహంతో చనిపోయిన క్లీనరు పేరున బాటసారులు పెట్టే నీళ్లవి. ఈ కథను ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, నీటి చుక్క దొరకని ఆ ఎక్కుడులో నిండు సీసాలను తాకకుండా సాగిపోయే ఆచారం మాత్రం నిజం.

ఆ పైన నకీ లా, లాచుంగ్ లా. రెండోదాని ఎత్తు 5,060 మీటర్ల ప్రాంతం, దీని మీద పెద్దగా వివాదం లేదు. నకీ లా బోర్డు మీద 15,547 అడుగులు, అంటే 4,739 మీటర్లు అని ఉంటుంది. సైక్లిస్టుల జీపీఎస్ నమోదులు సాధారణంగా 4,900 పైనే చూపుతాయి. గాటా మలుపుల పైకొస చేరాక ఇంకా ఎంత ఎక్కాలో చూస్తే జీపీఎస్ లెక్కే సరైనదనిపిస్తుంది.

తంగ్లంగ్ లా విషయంలో బోర్డు పొరపాటు ఎదురు దిక్కున ఉంది. అక్కడ 17,582 అడుగులు, అంటే 5,359 మీటర్లు అని రాశారు. కొలతల్లో తేలేది 5,328 మీటర్లు. లేహ్‌కు ఉత్తరాన 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖర్దుంగ్ లాకు ఆధునిక కొలతలు ఇచ్చే ఎత్తు సరిగ్గా ఆ 5,359 మీటర్లే. ఖర్దుంగ్ లా బోర్డు మీద మాత్రం ఏళ్ల తరబడి 18,380 అడుగులు, అంటే 5,602 మీటర్లు అని ఉంటూ వచ్చింది. ‘ప్రపంచంలో కెల్లా ఎత్తైన వాహన మార్గం’ అన్న ప్రచారం ఆ అంకె మీదే నిలిచింది. జీపీఎస్, ఉపగ్రహ రాడార్ కొలతలు దాదాపు 240 మీటర్లు తగ్గించడంతో ఆ వాదన నిలవలేదు. ఎత్తైన వాహన మార్గంగా 2021లో గిన్నిస్ గుర్తింపు పొందిన ఉమ్లింగ్ లా 5,798 మీటర్లు. తెలుగు పత్రికల యాత్రావ్యాసాల్లో ఖర్దుంగ్ లా పాత అంకె కనిపిస్తే దిద్దుకుని చదవాలి. తంగ్లంగ్ లా, ఖర్దుంగ్ లా రెండూ తొక్కినవారికి తెలిసిన సంగతే, వాటి నడుమ తేడా సుమారు 30 మీటర్లే.

నీళ్లు, గాలి

ఈ దారిలో వానకన్నా ఎండకే ఎక్కువ భయపడాలి. పగటి వేడికి కరిగిన మంచు మధ్యాహ్నానికి వాగులై రోడ్డు మీదుగా పారుతుంది. బారాలాచా లాకు ముందు వచ్చే జింగ్‌జింగ్ బార్ పరిసరాల్లో ఇవి ఎక్కువ. పొద్దున్నే చీలమండ లోతున్న నీరు సాయంత్రానికి మోకాలిదాకా వస్తుంది, నీటి అడుగున గుండ్రాళ్లు దొర్లుతుంటాయి. సైకిలు దిగి, బూట్లు విప్పి మెడలో వేసుకుని, చెప్పులతో దాటడం వాడుక. నీళ్లలోని మెత్తని ఇసుక గొలుసులోకి చేరుతుంది. తుడిచి నూనె వేయకపోతే తరవాతి ఎక్కుడులో కరకరలాడుతూనే ఉంటుంది.

పాంగ్ మజిలీ దాటాక సుమారు 4,700 మీటర్ల ఎత్తున మోరె మైదానం, దాదాపు 40 కిలోమీటర్లు బల్లపరుపు. చాంగ్‌పా పశుపోషకుల గొర్రెల, మేకల మందలు ఇక్కడ మేస్తాయి. మధ్యాహ్నం లేచే ఎదురుగాలి వల్ల ఈ చదును నేల కనుమకన్నా కష్టపెడుతుంది. తెల్లవారుజామునే బయలుదేరడం ఒక్కటే మార్గం.

రోడ్డు ఇప్పుడు చాలావరకు తారుదే అయినా, కొండచరియలు పడేచోట మట్టి, కంకర తప్పవు. సన్న టైర్ల రేసు సైకిలు కన్నా 35 మిల్లీమీటర్లు, అంతకు పైబడిన టైర్లది నయం. సర్చూ, పాంగ్‌లలో వేసవి డేరా హోటళ్లలో పప్పన్నం, మ్యాగీ, పడుకోవడానికి పరుపు దొరుకుతాయి.

ఎత్తు జబ్బు

వైద్యులు సాధారణంగా చెప్పే నియమం, 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి తీసుకోవాలని. ఈ దారి ఆ నియమానికి సహకరించదు. మజిలీల్లో జిస్పా సుమారు 3,200 మీటర్లు, జింగ్‌జింగ్ బార్, సర్చూ రెండూ 4,200 పైన. ఒక్క రోజులో జిస్పా నుంచి సర్చూకు తొక్కాలనుకోవడం అతి సాధారణమైన తప్పు. నడుమ 3,800 ప్రాంతంలోని పత్సియో దగ్గర ఒక రాత్రి ఆగితే శరీరానికి వీలు చిక్కుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,700 మీటర్లు దాటే కొండ లేదు కనుక, అరకు, లంబసింగి దారుల్లో ఎంత సాధన చేసినా కాళ్లకు బలమే తప్ప ఎత్తుకు అలవాటు రాదు. విమానంలో లేహ్‌లో దిగి, కొన్ని రోజులు ఆగి, మనాలి వైపు తొక్కేవారూ ఉన్నారు. కానీ ఆ దిశలో తొలి పెద్ద కనుమే తంగ్లంగ్ లా. మనాలి నుంచి బయలుదేరడమే ఈ సంకలనకర్తకు సబబుగా తోస్తుంది.

తలనొప్పి, వాంతులు, నిద్రలేమితో మొదలయ్యే ఈ జబ్బు ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. అప్పుడు కిందికి దిగడమే చికిత్స. బారాలాచా లా, తంగ్లంగ్ లాల నడుమ ఉన్నవారికి ఆ దిగుడు అందుబాటులో ఉండదు. సర్చూ నుంచి వెనక్కి రావాలన్నా మళ్లీ 4,850 మీటర్ల పైకి ఎక్కాలి, ముందుకు పోవాలంటే ఇంకా ఎత్తైన కనుమలు. ఎక్కకుండా తిన్నగా దిగిపోగల చివరి మజిలీ జింగ్‌జింగ్ బార్. అక్కడ పొద్దున లేచేసరికి తలనొప్పి తగ్గకపోతే సైకిలును దిగువనున్న కేలాంగ్ వైపు తిప్పండి.