బీరు లేని పబ్బు పాట అసలు ఎవరిది?

అన్నలు, తమ్ముళ్లు, ఇక్కడ లారీలో రేడియో పెట్టుకుని తిరిగేవాళ్లు స్లిమ్ డస్టీ గొంతు ఒక్కసారైనా వినే ఉంటారు. 'ఎ పబ్ విత్ నో బీర్' ఆయన పాటే. మన భాషలో చెప్పాలంటే కల్లు లేని కల్లు కాంపౌండ్! పనయ్యాక దూపతో వచ్చినోడికి అక్కడ చుక్క కూడా లేదు, పాటంతా అదే ఏడుపు.

స్లిమ్ డస్టీ అసలు పేరు డేవిడ్ గోర్డన్ కిర్క్‌పాట్రిక్. న్యూ సౌత్ వేల్స్‌లో కెంప్సీ దగ్గర పాడి రైతు కొడుకు. 1957లో ఈ పాట రికార్డు చేసినప్పుడు దాని మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు. ప్లేటుకు ముందువైపు 'సాడిల్ బాయ్' వేశారు, ఇది వెనకవైపు పాట. జనం ప్లేటు తిప్పి ఇదే విన్నారు. ఆస్ట్రేలియాలో నంబర్ వన్ అయింది, 1959లో బ్రిటన్ చార్టులో 3వ స్థానం దాకా పోయింది. ఈ దేశంలో గోల్డ్ రికార్డు అందుకున్న 78 స్పీడు ప్లేటు ఇదొక్కటే. బెల్జియంలో బాబ్‌యాన్ స్కూపెన్ దీన్నే డచ్‌లో పాడి హిట్ కొట్టాడు.

ప్లేటు మీద రాసినవాడి పేరు గోర్డన్ పార్సన్స్ అని ఉంటుంది. స్లిమ్‌తో కలిసి ఊరూరా తిరిగి పాడిన మనిషే. కానీ కథ ఇంకా వెనక్కి పోతుంది. క్వీన్స్‌లాండ్‌లో, టౌన్స్‌విల్‌కు పైన ఇంగమ్ అని చెరుకు ఊరు. అక్కడ డాన్ షీహన్ అనే చెరుకు రైతు ఉండేవాడు. ఐర్లండ్ నుంచి వచ్చినోడు, అంటే మనలాగే వలస మనిషి. యుద్ధం రోజుల్లో, 1943లో, ఒకనాడు డే డాన్ హోటల్‌కు పోతే బీరు నిల్. ముందురోజే అమెరికా సైనికులు మొత్తం తాగేసి పోయారట. ఆయన అక్కడే ఒక గ్లాసు వైన్‌తో కూర్చుని పద్యం రాశాడు. 1944లో అది నార్త్ క్వీన్స్‌లాండ్ రిజిస్టర్ పత్రికలో అచ్చయింది.

ఆ పద్యం ముక్క చేతులు మారి మారి, రాసినవాడి పేరు లేకుండానే పార్సన్స్‌కు చేరింది. ఆయన దాన్ని తన ఊరి మనుషులతో నింపి పాట చేశాడు. దొంగతనం అని నేననను, పాటగా నిలబెట్టింది ఆయనే. కానీ ఎండలో చెరుకు పండించినోడి పేరు ప్లేటు మీద లేకపోవడం నాకు మింగుడు పడదు. మన దగ్గర జానపదాలు సినిమాల్లోకి పోయినప్పుడు పాడిన అవ్వ పేరు ఎక్కడన్నా కనిపిస్తుందా చెప్పండి. స్లిమ్ మాత్రం తర్వాత షీహన్ పద్యాలు ఇంకొన్ని పాడాడు, అది ఆయన మంచితనం.

2000 సిడ్నీ ఒలింపిక్స్ ముగింపులో లక్షమంది ముందు పాడింది ఈ స్లిమ్మే. 2003లో పోయాడు.

ఇప్పటికీ రెండు ఊళ్లు ఆ పబ్బు మాదంటే మాదని కొట్లాడుకుంటాయి. న్యూ సౌత్ వేల్స్‌లోని టేలర్స్ ఆర్మ్ హోటల్ ఏకంగా పాట పేరే బోర్డు పెట్టుకుంది. ఇంగమ్‌లో డే డాన్ ఎప్పుడో పోయింది. ఆ జాగాలో ఇప్పుడు లీస్ హోటల్ ఉంది. చెరుకు పనికి అటువైపు పోయేవాళ్లు ఆగి చూడండి, బీరు మాత్రం దొరుకుతుంది.