పుష్పకంలో ఇంకొకరికి చోటు

పుంగనూరులో మా ఇంటి నడిమి గదిలో ఒక ఫ్రిజ్ ఉంది. అది చల్లబరచడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దాంట్లో మా అమ్మ పట్టుచీరలు, పొలం పాసుబుక్కులు, నాయన వాడిన కళ్లజోళ్లు రెండు ఉన్నాయి. పైన ఐసు పెట్టే చిన్న అరలో కర్పూరం బిళ్లలు, రేషను కార్డు. తాళంచెవి ఇప్పటికీ తిరుగుతుంది. తలుపు మీద లోహపు అక్షరాలు మసిబారినా చదవడానికి వస్తాయి. ఆల్విన్.

1984లో నాయన మదనపల్లెలో కొని టెంపోలో తెచ్చినప్పుడు వీధి వీధంతా మా వాకిట్లో నిలబడింది. మా అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నిన్నటి కూర ఇయ్యాల తినేదానికి ఇంత దుడ్డు పోసినావా, నాయనా?" అనింది. వారం తిరగకముందే మజ్జిగ గిన్నెకు మధ్య అరలో అవ్వే చోటు చేసింది. ఎదురింటి అయివారి చక్కెర జబ్బు మందు సీసాలు తలుపు అరలో ఉండేవి. పొద్దున్నే ఆయన భార్య వచ్చి, ఎవరినీ అడక్కుండా తలుపు తీసి, మందు తీసుకొని పోయేది. వేసవిలో పెళ్లిళ్లకు ఐసు ముక్కలకని పిల్లోళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. ఆ ఫ్రిజ్ మా ఇంట్లో ఉండేది కానీ వీధిది.

"ఇది మన హైదరాబాదులో చేసింది, మన గవర్నమెంటుది" అని నాయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాటకు మా వైపు ఎంత బరువుందో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. మదనపల్లె నుంచి చింతామణి మీదుగా, పుంగనూరు నుంచి ముళబాగిలు మీదుగా, కుప్పం నుంచి రైల్లో, మూడు దారులూ బెంగళూరికే పోతాయి. గుడ్డ, మందు, ఆస్పత్రి, పని, అన్నీ మాకు అక్కడే. అప్పట్లో హైదరాబాదు అంటే జీవోలు వచ్చే ఊరు. ఆ ఊరి నుంచి చేత్తో తట్టి చూసుకోదగ్గ వస్తువు మా ఇంటికి వచ్చిందంటే, అది ఆ ఫ్రిజ్జే.

ఆల్విన్ కథ 1942 జనవరిలో మొదలైంది. బయట ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి పెట్టిన సంస్థకు ఆల్విన్ మెటల్ వర్క్స్ అని పేరు. అప్పటికి పదేళ్ల ముందే, 1932 జూన్‌లో, నిజాం రైల్వేవాళ్లు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులు అవి. హైదరాబాదులో డబుల్ డెక్కర్లంటే ఇప్పటికీ కళ్లు మెరిసే తరం ఒకటుంది. వాళ్ల జ్ఞాపకంలో ఆ బస్సులు, ఆల్విన్ పేరు ఒకదాన్నొకటి అంటిపెట్టుకొనే ఉంటాయి.

ఆల్విన్ చేతిలో ఉన్న ఆ విద్య, బస్సు బాడీ కట్టడం, గురించి కొంచెం చెప్పాలి. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. బస్సు కంపెనీవాడు ఇచ్చేది ఛాసిస్ ఒక్కటే. ఇంజిను, చక్రాలు, స్టీరింగు, పొడుగాటి ఇనుప చట్టం, అంతే. పైన కప్పు ఉండదు, ముందు అద్దం ఉండదు. తలకు తువ్వాలు చుట్టుకొని, కళ్లు చిట్లించుకొని, ఎండకూ దుమ్ముకూ ఎదురొడ్డి ఛాసిస్ నడుపుకుంటూ పోయే డ్రైవర్లను అనంతపురం రోడ్డు మీద చూసినవాళ్లకు ఆ బొమ్మ మరపురాదు. అలా వచ్చిన ఎముకల గూడుకు మాంసం, చర్మం పెట్టేవాడు బాడీ బిల్డరు. రేకును కోయాలి, వంచాలి, రివెట్లు కొట్టాలి. కిటికీ జారే గాడి తిన్నగా రావాలి. వాన నీళ్లు కారకూడదు. గతుకుల్లో లక్షల మైళ్లు తిరిగినా కీళ్లు ఊడకూడదు. పుస్తకం చదివితే వచ్చే విద్య కాదది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది.

ఆ చెయ్యి ఉంది కాబట్టే ఇనుప బీరువాలు చేశారు. ఆ చెయ్యి ఉంది కాబట్టే ఫ్రిజ్‌లు చేశారు. రేకును పెట్టెగా వంచి, తలుపు బిగుతుగా కూర్చోబెట్టడంలో బస్సు, బీరువా, ఫ్రిజ్, మూడూ అన్నదమ్ములే. 1980లలో దేశంలో ఫ్రిజ్ కొనాలంటే కెల్వినేటర్, గోద్రెజ్, వోల్టాస్, ఆల్విన్ అని వేళ్ల మీద చెప్పేవాళ్లు. ఆ నాలుగింటిలో ఒకటి తెలుగు నేల మీదిది, రాష్ట్ర ప్రభుత్వానిది.

పతనం అక్కడి నుంచే, ఆ గెలుపు నుంచే మొదలైందని నా నమ్మకం.

లక్నో స్కూటర్స్ ఇండియా వాళ్లు ఇటలీ నుంచి లాంబ్రెటా యంత్రాలన్నీ కొనుక్కొచ్చాక ఆ స్కూటరు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరుతో తిరిగింది. మన దగ్గర దాని పేరు ఆల్విన్ పుష్పక్. ఆ పేరు పెట్టినవారెవరో గానీ, తెలుగువాళ్ల గుండె తెలిసినవారు. పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని చిన్నప్పుడే విన్నాం కదా. ముందు నిలబడ్డ కొడుకు, వెనక అడ్డంగా కూర్చున్న ఇల్లాలు, ఆమె ఒళ్లో పాప, స్టెప్నీ మీద సంచి. మన ఇళ్లలో స్కూటరు అంటేనే పుష్పకం.

కంపెనీ కూడా అదే పుష్పకం అనుకున్నారు. బస్సులు ఎక్కాయి, బీరువాలు ఎక్కాయి, ఫ్రిజ్‌లు ఎక్కాయి, స్కూటర్లు ఎక్కాయి. తరవాత జపాను సీకో సాయంతో చేతి గడియారాలు ఎక్కాయి. ఆ పైన నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు ఎక్కాయి. ఎక్కిన ప్రతిదానికీ డబ్బు కావాలి, మనసు పెట్టే మనిషి కావాలి. రేకు పని చేతిలో ఉన్నంతవరకు ఆల్విన్ తన ఇంట్లో తాను ఉంది. స్కూటరు ఇంజిను లక్నోది, గడియారం గుండె జపానుది, లారీ ప్రాణం కూడా జపానుదే. అరువు గుండెలతో ఎన్ని ఒళ్లు నడుస్తాయి?

కుప్పంలో మా చిన్నాయన పెళ్లికి అత్తగారివాళ్లు ఆల్విన్ వాచీ పెట్టారు. కుప్పంలో అది పెద్ద వింత. అక్కడందరి చేతికీ బెంగళూరు హెచ్ఎంటీనే. సిటిజన్ వాళ్లతో కలిసి హెచ్ఎంటీ 1961 నుంచే అక్కడ గడియారాలు చేస్తుండేది. కుప్పం నుంచి ఆ పనికి పోయేవాళ్లు కూడా ఉండేవాళ్లు. "మీ హైదరాబాదు గడియారం మా బెంగళూరు టైము చూపిస్తుందా?" అని స్నేహితులు ఆటపట్టిస్తే, చిన్నాయన కీ తిప్పి చెవి దగ్గర పెట్టుకొని, "ఇది తెలుగులో కొట్టుకుంటుంది, మీకు వినపడదులే" అనేవాడు. ట్రెండీ అని తరవాత రంగురంగుల క్వార్ట్జ్ వాచీలు వచ్చినప్పుడు ఆయన మురిసిపోయి ఇంట్లో పిల్లలందరికీ తలా ఒకటి కొన్నాడు. నాది ఎర్ర పట్టీది. కాలేజీకి పోయేటప్పుడు చొక్కా చెయ్యి కావాలనే పైకి మడుచుకునేవాణ్ని.

కుప్పానికి అవతల, తమిళనాడు గట్టు దాటాక, హోసూరు ఉంది. 1984లో పుట్టిన టైటాన్ అక్కడ ఫ్యాక్టరీ కట్టి క్వార్ట్జ్ గడియారాలు మొదలుపెట్టింది. గడియారం టైము చూసుకునే పనిముట్టు అనుకునే దేశానికి అది నగ కూడా అని చెప్పింది. అద్దాల షాపులు తెరిచి, లైటు వేసి, ముఖమల్ మీద పెట్టి చూపింది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆల్విన్ పోయిందంటే సర్కారుది కాబట్టి పోయిందని చప్పరించేవాళ్లు చాలామంది. టైటాన్‌లోనూ సర్కారు ఉంది. తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ అది. టిడ్కోకు అందులో నేటికీ పెద్ద వాటా ఉంది. అయితే వాళ్లు పగ్గాలు మొదటి రోజే వ్యాపారం తెలిసిన చేతికి ఇచ్చి, తాము వెనక కూర్చున్నారు. వాళ్లు మొదట ఒక్క గడియారాన్నే పట్టుకుంటే, మనం ఆరు పడవల మీద కాళ్లు పెట్టాం.

జహీరాబాదులో చేసిన ఆల్విన్ లారీల కథ ఇంకా గొంతు పట్టేస్తుంది. 1980ల నడుమ దేశంలో జపాను చిన్న లారీలు నాలుగు జతలుగా దిగాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. క్యాబ్‌స్టార్ అని ఆల్విన్ లారీ. సరిగ్గా ఆ వేళకే, 1985 తరవాత, జపాను యెన్ విలువ ఆకాశానికి పోయింది. అక్కడి నుంచి తెప్పించే ప్రతి విడిభాగం ధరా దాంతోపాటే లేచింది. జహీరాబాదులో బోల్టు బిగించేవాడి పొరపాటు ఇందులో ఏముంది? ఎక్కడో పెద్ద దేశాలు కూర్చొని డబ్బు విలువలు మార్చుకుంటే, మెదక్ జిల్లాలో ఫ్యాక్టరీ లెక్కలు తలకిందులయ్యాయి. 1980లు ముగిసేసరికి అది మహీంద్రా చేతిలోకి పోయింది. ఆ ఫ్యాక్టరీ ఇప్పటికీ బతికే ఉంది, వేరే ఇంటి పేరుతో.

1991 తరవాత దేశంలో మార్కెట్టు తలుపులు తెరుచుకున్నాయి. కొనేవాడు వరసలో నిలబడే కాలం పోయి, అమ్మేవాడు గుమ్మంలో నిలబడే కాలం వచ్చింది. ఆల్విన్ ఉమ్మడి కుటుంబం వేరుపడ్డట్టు విడిపోయింది. ఒకరు బావి పట్టుకుపోతే ఒకరు ఎద్దులు పట్టుకుపోయినట్టు. ఫ్రిజ్‌లు 1990లలో వోల్టాస్‌కు పోయాయి. గడియారాలు ఆగిపోయాయి. మొట్టమొదటి విద్య, బస్సు బాడీ కట్టే ఆ చెయ్యి, దిక్కులేనిదయింది. వోల్టాస్ నుంచి ఫ్రిజ్‌ల వ్యాపారం స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ చేతికి వెళ్లింది. 2005లో ఎలక్ట్రోలక్స్ ఇండియా వ్యాపారాన్ని వీడియోకాన్‌కు అమ్ముకొని వెళ్లిపోయింది. 2018లో వీడియోకానే దివాలా కోర్టు గుమ్మం ఎక్కింది.

నందలూరు సంగతి తలుచుకుంటే కడుపులో కలుక్కుమంటుంది. మా మదనపల్లె బాహుదా నీళ్లే పోయి, పింఛతో కలిసి చెయ్యేరై, నందలూరు పక్కన పారతాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో అది పెద్ద లోకోషెడ్డు ఉన్న ఊరు. ఆవిరి పోయింది, షెడ్డు పోయింది. తరవాత ఆల్విన్ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ వచ్చింది. పొద్దున సైరను, టీ అంగళ్లు, క్యారియర్లు పట్టుకొని సైకిళ్ల మీద మనుషులు. అదీ మూతపడింది. ఒక ఊరికి ఒక బతుకుతెరువు పోవడం చూశాం. రెండోసారి కూడా పోతే ఆ ఊరి పిల్లలు ఏ దారి పడతారు? మళ్లీ బెంగళూరు దారే.

స్వీడన్ పేరు వచ్చింది కాబట్టి అక్కడి కథ ఒకటి. విమానాలు చేసే సాబ్ అనే కంపెనీ యుద్ధం అయ్యాక కార్లు చేసింది. తాళంచెవి స్టీరింగు దగ్గర కాకుండా రెండు సీట్ల నడుమ పెట్టేంత సొంత బుద్ధి గల కార్లు అవి. దాన్ని అమెరికా జనరల్ మోటార్స్ మొదట సగం, 2000లో మొత్తం తీసుకుంది. తన సొంత బుద్ధిని అది పోగొట్టుకుంటూ పోయింది. తరవాత డచ్చివారికి అమ్మితే, 2011 డిసెంబరులో దివాలా తీసింది. ట్రోల్‌హెట్టన్ అనే చిన్న ఊళ్లో వాళ్లకో మ్యూజియం ఉంది. దివాలా తరవాత అందులోని కార్లను కూడా వేలం వేయబోతే, ఆ ఊరి మునిసిపాలిటీ మరికొందరితో కలిసి ముందుకొచ్చి కొనుక్కొని అక్కడే ఉంచుకుంది. ఆ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆల్విన్ ఫ్యాక్టరీలు నడిచిన సనత్‌నగర్‌లోనో నందలూరులోనో ఒక్క గది చాలు. ఒక డబుల్ డెక్కరు, ఒక పుష్పక్, ఒక ట్రెండీ వాచీ, రివెట్లు కొట్టిన ఒక సుత్తి. మన పిల్లలకు, మీ తాతలు ఇవి చేశారు అని వేలు పెట్టి చూపించడానికి.

ఇప్పుడు హైదరాబాదులో ఆల్విన్ కాలనీ ఉంది, మియాపూరు దగ్గర ఆల్విన్ చౌరస్తా ఉంది. మా అన్న కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆ చౌరస్తాకు దగ్గర్లోనే అద్దెకుంటాడు. పోయిన సంక్రాంతికి పుంగనూరు వచ్చి, అమ్మ చీర తీస్తుంటే తలుపు మీద అక్షరాలు చూసి ఆగిపోయాడు.

"అవ్వా, ఇదేంది, మా స్టాపు పేరు నీ ఫ్రిజ్ మీదుంది?" అన్నాడు.

అమ్మ నవ్వలేదు. చీర మడత సరిచేసి పెట్టి, తలుపు వేసింది. రబ్బరు ఎండిపోయినా, ఆ తలుపు డబ్ మని గట్టిగా, ఎక్కడా సందు లేకుండా కూర్చుంది.

"ఇంకోసారి తీసి వెయ్యి, అవ్వా" అన్నాడు వాడు.

అమ్మ మళ్లీ తీసి వేసింది.