ద్విపరమాణుక అణువుల వర్ణపటాల్లో ఐసోటోపు ప్రభావం

రెండు పరమాణువుల అణువులో ఒకదాని స్థానంలో అదే మూలకపు వేరే ఐసోటోపు చేరితే, ఆ అణువు వర్ణపట రేఖలు కొద్దిగా పక్కకు జరుగుతాయి. దీన్ని ఐసోటోపు ప్రభావం అంటారు. న్యూట్రాన్ల సంఖ్య మారినా కేంద్రకపు ఆవేశం మారదు. అందువల్ల బంధం పొడవు, బల స్థిరాంకం దాదాపు యథాతథంగా ఉంటాయి. మారేదల్లా క్షయీకృత ద్రవ్యరాశి, అంటే రెండు ద్రవ్యరాశుల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది. కంపన పౌనఃపున్యం దాని వర్గమూలానికి, భ్రమణ స్థిరాంకం నేరుగా దానికే విలోమానుపాతంలో ఉంటాయి.

హైడ్రోజన్ క్లోరైడ్ దీనికి పాఠ్యపుస్తకాల ఉదాహరణ. దాని ప్రాథమిక కంపన పట్టీ 2886 సెం.మీ⁻¹ దగ్గర ఉంటుంది. క్లోరిన్-35 బదులు క్లోరిన్-37 ఉంటే అది 2 సెం.మీ⁻¹ మేరకు మాత్రమే తగ్గుతుంది. ప్రకృతిలో ఈ రెండు ఐసోటోపులూ సుమారు 3:1 పాళ్లలో ఉన్నందున ప్రతి రేఖ పక్కనా ఒక బలహీనమైన జంట రేఖ కనబడుతుంది. 1919లో ఎల్మర్ ఐమ్స్ కొలిచిన పరారుణ వర్ణపటంలోని ఈ జంటలకు కారణం ఐసోటోపులేనని 1920లో లూమిస్, క్రాట్జర్ విడివిడిగా తేల్చారు. హైడ్రోజన్‌నే డ్యుటీరియంగా మారిస్తే జరుగుబాటు చిన్నదేమీ కాదు, పట్టీ ఏకంగా 2091 సెం.మీ⁻¹కి దిగుతుంది. తేలిక పరమాణువు బరువు రెట్టింపైతే క్షయీకృత ద్రవ్యరాశి కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది మరి.

సిద్ధాంతపరంగా అన్నిటికన్నా విలువైనది బోరాన్ మోనాక్సైడ్ ఉదంతం. కంపన శక్తిని పూర్ణ సంఖ్యలతోనే లెక్కిస్తే, రెండు ఎలక్ట్రానిక్ స్థితుల్లోనూ కంపనం కనిష్ఠంగా ఉండే 0–0 పట్టీ బోరాన్-10, బోరాన్-11 అణువులకు ఒకే చోట పడాలి. అలా పడలేదని రాబర్ట్ మల్లికెన్ చూపాడు. అర్ధ సంఖ్యలు వాడితేనే లెక్క సరిపోయింది, అంటే కనిష్ఠ స్థితిలోనూ అణువు కంపిస్తూనే ఉంటుంది. ఈ శూన్య బిందు శక్తికి ఆధారం 1924–25లో, క్వాంటం యాంత్రిక శాస్త్రం రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే దొరకడం విశేషం.

1929లో జియాక్, జాన్‌స్టన్ వాతావరణ ఆక్సిజన్ పట్టీలోని బలహీన రేఖల నుంచి ఆక్సిజన్-18ని గుర్తించారు. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. రసాయన శాస్త్రవేత్తలు సహజ ఆక్సిజన్ మిశ్రమాన్ని 16గా, భౌతిక శాస్త్రవేత్తలు ఆక్సిజన్-16 ఒక్కదాన్నే 16గా తీసుకోవడంతో పరమాణు భారాలకు రెండు కొలమానాలు ఏర్పడ్డాయి. 1961 ప్రాంతంలో కార్బన్-12ను ప్రమాణంగా స్వీకరించాకే ఈ తేడా పోయింది. కార్బన్-13 కూడా 1929లోనే బయటపడింది. కార్బన్ అణువు స్వాన్ పట్టీల్లో 4737 ఆంగ్‌స్ట్రామ్‌ల పట్టీకి తోడుగా 4744 దగ్గర మరొకటి కింగ్, బర్జ్‌లకు కనిపించింది.

భ్రమణ రేఖల జరుగుబాటు నేడు రేడియో ఖగోళ శాస్త్రానికి బాగా ఉపయోగపడుతోంది. మామూలు కార్బన్ మోనాక్సైడ్ మొదటి భ్రమణ రేఖ 115.27 గిగాహెర్ట్జ్ దగ్గర, కార్బన్-13 ఉన్నదాని రేఖ 110.20 దగ్గర ఉంటాయి. దట్టమైన అంతర్నక్షత్ర మేఘాల్లో మొదటిది పై పొరల్లోనే శోషణ చెందడంతో లోపలి సమాచారం మనకు అందదు. రెండో రకం అణువులు అరుదు కాబట్టి వాటి కాంతి చాలావరకు బయటికి వస్తుంది, మేఘపు ద్రవ్యరాశిని దాని తీవ్రత నుంచే అంచనా కడతారు.