మూలన పడి మళ్ళీ లేచిన న్యుమోనియా టీకా

ప్రత్యేక సంచికకు ఆరోగ్య సంబంధమైన వ్యాసం ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టర్ని కాను. ప్రభుత్వ ఆసుపత్రి లేబరేటరీలో కఫం, రక్తం పరీక్షలు చేస్తూ సర్వీసంతా గడిపినవాణ్ణి. కనుక వైద్యం చెప్పను, నాకు తెలిసిన ఒక సూక్ష్మజీవి చరిత్ర చెబుతాను. మన సభ్యుల్లో పాత దగ్గు, ఆయాసం ఉన్నవారు చాలామందే ఉన్నారు. డాక్టరుగారు న్యుమోనియా టీకా వేయించుకోమంటే వారు అడిగే ప్రశ్న ఒకటే: "ఇన్ని యాంటీబయాటిక్స్ ఉండగా ఈ వయసులో టీకా ఎందుకండీ?" ఈ ప్రశ్న కొత్తది కాదు. డెబ్బై ఏళ్ళ క్రిందట పెద్ద పెద్ద వైద్యులే ఇలా అనుకొని, చక్కగా పనిచేస్తున్న టీకాను మూలన పడేశారు.

న్యుమోనియా తెచ్చే క్రిములు అనేకం. వాటిలో ముఖ్యమైనది న్యుమోకాకస్ అనే బాక్టీరియా. 1881లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, అమెరికాలో సైనిక వైద్యుడు జార్జ్ స్టెర్న్‌బర్గ్ ఎవరికి వారుగా దీన్ని వేరు చేశారు. గ్రామ్ రంగు వేసి మైక్రోస్కోపు క్రింద పెడితే ఊదారంగులో, జంటలు జంటలుగా, కొసలు కాస్త సూదిగా కనిపిస్తుంది. చుట్టూ పలచని వలయం ఉంటుంది. అదే దాని కవచం. రక్తంలోని తెల్లకణాలు క్రిమిని మింగబోతే ఈ కవచం వాటికి పట్టు చిక్కనివ్వదు. కవచాల్లో నూరు రకాల దాకా ఇప్పటికి తెలుసు. ఒక రకం మీద వచ్చిన రక్షణ చాలామటుకు ఆ రకానికే పరిమితం. టీకాల పేర్లలో 13, 20, 23 అని అంకెలు వినిపించేది అందుకే. ఎన్ని రకాల కవచాలకు విరుగుడో చెప్పే లెక్క అది.

మొదటి ప్రయత్నం దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో జరిగింది. మొజాంబిక్, న్యాసాలాండ్ వంటి వేడి ప్రాంతాల నుండి కూలికి తెచ్చిన యువకులు గనులకు చేరగానే న్యుమోనియాతో గుంపులుగా చనిపోయేవారు. గనుల యజమానులు 1911లో ఇంగ్లండు నుండి ఆల్మ్‌రోత్ రైట్‌ను రప్పించారు. ఆయన చంపిన క్రిములతో టీకా చేసి వేలాది కూలీలకు వేశాడు గానీ, కవచాల తేడాను లెక్కలోకి తీసుకోలేదు. ఫలితం తేలలేదు. ఆ తర్వాత అక్కడే స్పెన్సర్ లిస్టర్ రకాలను విడదీసి ముందుకు నడిపించాడు. ఆ రోజుల్లోనే పనామా కాలువ దగ్గర దోమల్ని అదుపు చేసి పేరు తెచ్చుకున్న గోర్గాస్ అనే అమెరికన్ వైద్యుడు గనులను చూసి, ఇరుకు బారకాసుల్లో మనుషుల్ని కుక్కడం మానండి, రోగం తగ్గుతుందని సలహా ఇచ్చాడు. నన్నడిగితే అసలైన మందు అదే. కాని గదులు కట్టించడం కంటే సూది వేయించడం యజమానులకు చవక.

1923లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఎవరీ, హైడల్‌బర్గర్ ఈ కవచం ఒక చక్కెర జాతి పదార్థమని తేల్చారు. క్రిమినంతా ఎక్కించనక్కరలేదు, కవచాన్ని శుద్ధి చేసి ఎక్కిస్తే చాలన్న దారి దాంతో తెరుచుకుంది. (ఇదే ఎవరీ, మెక్లియాడ్, మెక్‌కార్టీ అనే మరి ఇద్దరితో కలిసి, ఇదే క్రిమి మీద పనిచేస్తూ, వంశలక్షణాలను మోసేది డి.ఎన్.ఏ. అని 1944లో ప్రకటించాడు. అంత పని చేసినా నోబెల్ బహుమతి రాలేదు!) రెండో ప్రపంచయుద్ధం చివర ఆ మెక్లియాడే అమెరికాలోని సూ ఫాల్స్ సైనిక శిబిరంలో నాలుగు రకాల కవచాలతో చేసిన టీకాను పరీక్షించాడు. సుమారు పదిహేడు వేలమందిలో సగం మందికి టీకా, సగం మందికి ఉప్పునీటి సూది. ఆ నాలుగు రకాల న్యుమోనియా టీకా లేనివారిలో 26 మందికి, టీకా వేసినవారిలో నలుగురికి వచ్చింది. ఆ నలుగురికీ టీకా పడిన రెండు వారాల లోపే, అంటే రక్షణ పూర్తిగా రాకముందే వచ్చింది. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

అయినా ఎవరూ పట్టించుకోలేదు. కారణం పెన్సిలిన్. అంతకుముందే సల్ఫా మందులు వచ్చి ఉన్నాయి. 1943 డిసెంబరులో చర్చిల్‌కు న్యుమోనియా వస్తే ఎం అండ్ బి అనే సల్ఫా మాత్రలతో కోలుకున్నాడని పత్రికలన్నీ వ్రాశాయి. అమెరికాలో స్క్విబ్ కంపెనీ ఆరేసి రకాల టీకాలు రెండు అమ్మకానికి పెట్టింది. కొనేవారు లేక 1950ల మధ్యకల్లా వెనక్కి తీసుకుంది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి రాబర్ట్ ఆస్ట్రియన్. 1952లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో కింగ్స్ కౌంటీ ఆసుపత్రికి వెళ్ళాడు. న్యుమోకాకస్ న్యుమోనియా ఇప్పుడెక్కడుందండీ అన్నారట అక్కడివారు. ఆయన లేబరేటరీలో కూర్చుని వెతకడం మొదలుపెడితే ఏటా వందల కేసులు బయటపడ్డాయి. జబ్బు పోలేదు, చూడటం మానేశారు. కఫం సీసా పంపకుండా పెన్సిలిన్ వ్రాసేసే అలవాటు మన దగ్గరా ఉండేది కనుక ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. పదేళ్ళు లెక్కలు కూడబెట్టి 1964లో ఆయన ప్రకటించిన నిజం చిన్నది కాదు. క్రిమి రక్తంలోకి చేరిన రోగుల్లో, జబ్బు మొదలైన మొదటి అయిదు రోజుల్లో సంభవించే మరణాలను పెన్సిలిన్ దాదాపు ఏమీ తగ్గించలేదు. మందు పనిచేయక కాదు. అది పని మొదలుపెట్టే సరికే క్రిమి చేయవలసిన హాని చేసేసింది. అలా పోయేవారిలో వయసు మళ్ళినవారు, ముందే మరో దీర్ఘవ్యాధి ఉన్నవారు ఎక్కువ. మన వాళ్ళడిగే ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానం ఈ అయిదు రోజులే.

ఆస్ట్రియన్ మళ్ళీ దక్షిణాఫ్రికా గనులకే వెళ్ళి 1970లలో టీకాను పరీక్షించాడు. అందులో చేర్చిన రకాల మీద నూటికి 80 వంతుల దాకా రక్షణ కనిపించింది. 1977లో 14 రకాల టీకాకు, 1983లో 23 రకాల టీకాకు అమెరికాలో అనుమతి వచ్చింది.

అయితే గని కూలీలు కండగల పడుచువాళ్ళు. ఊపిరితిత్తులు చెడిన ముసలివాళ్ళ మాటేమిటి? పొగవల్ల శ్వాసనాళాల్లోని నూగు దెబ్బతింటుంది. కఫాన్ని పైకి నెట్టేది ఆ నూగే. అది పోతే కఫం నిలవుండి క్రిములకు ఇల్లవుతుంది. ఆ పొగ బీడీది, చుట్టది కావచ్చు, ఉత్తర కోస్తాలో ఆడవాళ్ళు కాల్చే అడ్డపొగ కావచ్చు, నలభై ఏళ్ళు ఊదిన కట్టెల పొయ్యిది కావచ్చు. అలాంటివారికి న్యుమోనియా వస్తే తట్టుకునే నిలవ ఊపిరి ఉండదు.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఇలాంటి దీర్ఘరోగులు 2,295 మంది మీద పరీక్ష జరిపి 1986లో ప్రకటించారు. టీకా మేలు చేసినట్లు రుజువు కాలేదు. నాబోటి టీకా పక్షపాతులు ఈ పరీక్షను దాటవేస్తుంటారు గానీ, అది న్యాయం కాదు. నీరసించిన శరీరం టీకాకు సరిగా స్పందించకపోవడం ఒక కారణం. ముసలివారి కఫంలో ఏ క్రిమి దోషో తేల్చడం కష్టం కావడం మరొకటి. 2006లో స్పెయిన్‌లో సి.ఒ.పి.డి. రోగులు 596 మంది మీద జరిగిన పరీక్షలో మొత్తం మీద తేడా తేలలేదు. అయితే 65 ఏళ్ళ లోపువారిలో మేలు స్పష్టంగా కనిపించింది. 2017లో ఇలాంటి 12 పరీక్షలు, 2,171 మంది రోగుల లెక్కలు ఒకచోట చేర్చి చూస్తే విషయం తేటపడింది. 21 మందికి టీకా వేస్తే ఒకరికి న్యుమోనియా తప్పుతుంది. ఆయాసం ఉన్నట్టుండి ముదిరే అవస్థలు కూడా తగ్గుతాయి. మరణాలు తగ్గినట్లు మాత్రం ఆ లెక్కల్లో తేలలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి కదా.

ఈలోగా టీకాయే మారింది. కవచపు చక్కెరను ఒక ప్రొటీనుకు జతచేస్తే శరీరం దాన్ని బాగా గుర్తుపెట్టుకుంటుంది. 2000 నుండి అమెరికాలో పసిపిల్లలకు ఇలాంటి టీకా వేయగా, వేయించుకోని తాతలకూ అమ్మమ్మలకూ కూడా ఈ జబ్బు తగ్గింది. పిల్లల గొంతుల్లో క్రిమి లేకపోతే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవారికి అంటదు మరి. నెదర్లాండ్స్‌లో 65 దాటిన 84,496 మంది మీద 13 రకాల టీకాను పరీక్షించి 2015లో ప్రకటించారు. అందులోని రకాలవల్ల వచ్చే న్యుమోనియా నూటికి 45 వంతుల పైగా తగ్గింది. క్రిమి రక్తంలోకి చేరే తీవ్రమైన జబ్బు 75 వంతులు తగ్గింది. 2021లో 20 రకాలది వచ్చింది.

మన దేశంలో ప్రభుత్వం 2017లో కొన్ని రాష్ట్రాల్లో పసిపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టి, 2021లో దేశమంతటికీ విస్తరించింది. హైదరాబాదులోని బయలాజికల్ ఇ సంస్థ తయారుచేసిన 14 రకాల పసిపిల్లల టీకాకు 2022 డిసెంబరులో అనుమతి లభించింది. పెద్దవాళ్ళం మాత్రం డాక్టరుగారి చేత వ్రాయించుకొని కొనుక్కోవలసిందే. పెన్షన్‌దారుకు అది చిన్న ఖర్చు కాదు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకొని డాక్టరుగారిని అడగండి. అడిగేటప్పుడు ఇంతకుముందు ఏ టీకా పడింది, ఎన్ని రకాలది, ఏ సంవత్సరంలో అన్న చీటీ వెంట ఉంచుకుంటే, ఇప్పుడు ఏది వేయాలో, అసలు వేయాలో వద్దో ఆయన తేల్చుకోగలరు. ఫ్లూ టీకా వేరు, ఇది వేరు. పాత ఆయాసాన్ని ఇది తగ్గించదు, ఇన్‌హేలరు మానకూడదు.