బడికీ వసతికీ నడుమ: వికలాంగ బాలల విద్యాహక్కు – చారిత్రక పరిశీలన

చోడవరం చుట్టూ చెరకు పండించే పల్లెలు విస్తరించి ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు ఈ మండలం విశాఖపట్నం జిల్లాలో భాగం. ఇటువంటి గ్రామీణ ప్రాంతాల్లో వికలాంగ బాలల చదువును ఒక ప్రశ్న వెన్నాడుతూ వచ్చింది: చదువు కోసం బిడ్డ ఇల్లు విడవవలసిందేనా? చట్టాలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్న తీరును పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

భారతదేశంలో అంధుల తొలి పాఠశాల 1887లో అమృత్‌సర్‌లో వెలసింది. తరువాత వచ్చిన ప్రత్యేక పాఠశాలలు ప్రధానంగా నగరాలకే పరిమితమయ్యాయి. అందువల్ల పల్లెబిడ్డకు చదువంటే వసతిగృహమే అయింది. ఈ బాలలను వీలైనంతవరకు సాధారణ పాఠశాలల్లోనే చదివించాలని కొఠారి కమిషన్ 1966లో సూచించింది. 1974లో కేంద్రప్రభుత్వం సమైక్య విద్యా పథకాన్ని ప్రారంభించింది. 1994 నాటి సలమాంకా ప్రకటన ‘సమ్మిళిత విద్య’ అనే భావనకు ప్రపంచవ్యాప్త ప్రాచుర్యం కల్పించింది. ఈ రెండు పదాలూ పర్యాయపదాలు కావు. సమైక్య విద్యలో బిడ్డ బడికి అనుగుణంగా మారాలి; సమ్మిళిత విద్యలో బడే బిడ్డకు అనుగుణంగా మారాలి.

1995 చట్టం సాధారణ పాఠశాలనూ ప్రత్యేక పాఠశాలనూ ఒకే సెక్షన్‌లో ప్రస్తావించింది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యమున్న బాలలకు ఇంటివద్దనే చదువుకునే హక్కునిచ్చింది. 2016 చట్టం మరింత ముందుకు సాగింది. నిర్దేశిత స్థాయి వైకల్యమున్న 6–18 ఏళ్ల బాలలు సమీప పాఠశాలను గాని ప్రత్యేక పాఠశాలను గాని ఎంచుకోవచ్చునని 31వ సెక్షన్ పేర్కొన్నది. న్యాయస్థానం ఆదేశిస్తే తప్ప, కేవలం వైకల్యం కారణంగా బిడ్డను తల్లిదండ్రులనుండి వేరుచేయరాదని 9వ సెక్షన్ స్పష్టం చేసింది.

అయితే వసతిగృహం దానంతటదే దోషం కాదు. బధిర బాలలకు సంజ్ఞాభాష, అంధ బాలలకు బ్రెయిలీ సహజంగా అలవడే తావు అదే కావచ్చు. ఊరి బడిలో ర్యాంపు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, రాకపోకల సౌకర్యం లేనప్పుడు మాత్రం వసతిగృహం ఎంపికగా మిగలదు, నిర్బంధమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మండలస్థాయిన ఏర్పడిన భవిత కేంద్రాల ప్రాధాన్యం ఇక్కడే ఉంది. ఫిజియోథెరపీనీ ప్రత్యేక బోధననూ ఇంటికి చేరువ చేయడం వాటి లక్ష్యం.

చట్టం ఎంచుకునే హక్కునిచ్చింది. రెండు దారులూ నడవదగినవైనప్పుడే ఆ హక్కు సార్థకమవుతుంది. చోడవరం వంటి మండలాల్లో సమ్మిళిత విద్యను అంచనా వేయడానికి నమోదు సంఖ్య ఒక్కటే చాలదు; ఇల్లు విడిచిన ప్రతి బిడ్డా ఎందుకు విడిచిందో కూడా పరిశీలించాలి.