హుస్సేన్ గ్రూపు కంటే ఆరేళ్ల ముందే మన కరీంనగర్ పెయింటర్: పి.టి. రెడ్డి కథ

చందూర్ నుంచి ఇంకో ఎపిసోడ్.

మోడరన్ ఆర్ట్ అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు ఎం.ఎఫ్. హుస్సేన్. ఆయన పుట్టింది 1915లో. అదే ఏడాది జనవరిలో మన పక్కనున్న కరీంనగర్ జిల్లా అన్నారంలో ఇంకొకాయన పుట్టారు. పేరు పాకాల తిరుమల్ రెడ్డి. అందరూ పి.టి. రెడ్డి అంటారు. విన్నారా? చాలామంది విని ఉండరు. ఎందుకో చూద్దాం.

1930ల చివర్లో, మన బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కొత్తగా మొదలైన రోజుల్లో, ఈయన బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుతున్నారు. 1939లో డిప్లొమా వచ్చింది. అప్పటిదాకా అక్కడ నేర్పేది ఎక్కువగా ఉన్నది ఉన్నట్టు గీయడమే. చార్లెస్ జెరార్డ్ అనే ఇంగ్లిష్ పెయింటర్ ఆ స్కూల్ పెద్దగా వచ్చాక, యూరప్‌లో వస్తున్న కొత్త పద్ధతులు కుర్రాళ్లకు పరిచయం చేశారు. ఆ ఊపులో 1941లో పి.టి. రెడ్డి, ఇంకొందరు కలిసి ఒక గ్రూపు కట్టారు. వాళ్లకు 'యంగ్ టర్క్స్' అని పేరు పడింది. సూజా, రజా, హుస్సేన్ వాళ్ల ప్రోగ్రెసివ్ గ్రూపు వచ్చింది 1947లో. అంటే ఆరేళ్ల తర్వాత!

మరి పేరెందుకు రాలేదు? నాకు అర్థమైంది చెప్తా. బొంబాయిలో బొమ్మలు కొనేవాళ్లున్నారు, వాటి గురించి పేపర్లలో రాసేవాళ్లున్నారు. సూజా లండన్ పోయారు, రజా పారిస్ పోయారు. పి.టి. రెడ్డి హైదరాబాద్ వచ్చేశారు. ఇక్కడ పని ఆగలేదు. ఆయిల్ పెయింటింగ్స్, ఎచింగ్స్, చెక్క శిల్పాలు, తర్వాత తాంత్రిక గుర్తులతో పెద్ద సిరీస్. నారాయణగూడలోని ఇల్లు 'సుధర్మ'నే గ్యాలరీ చేసుకున్నారు. భార్య యశోదా రెడ్డి గారు ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసర్. మన తెలంగాణ మాటల్లో 'మా ఊరి ముచ్చట్లు' కథలు రాసింది ఆమెనే. 1996లో ఆయన పోయేనాటికి బొమ్మలు చాలా ఉన్నాయి, వాటి గురించి రాసినవాళ్లు మాత్రం తక్కువ.

ఇది పాత ముచ్చటే కాదు ఫ్రెండ్స్. మీ ఊళ్లో గోడల మీద, గుడిలో బొమ్మలేసే పెద్దాయన ఉంటారు కదా? ఈ ఆదివారం పోయి కలవండి. బొమ్మలు ఫోన్‌లో తీయండి. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఆయన నోటితోనే చెప్పించి రికార్డ్ చేయండి. బొమ్మ మీద సున్నం పడితే పోతుంది, మీ వీడియో ఉంటుంది.

మళ్లీ కలుద్దాం!