గంధికుని ద్వారం, భిక్షువు తైలం

నోయిడా నగరం గౌతమ బుద్ధ నగర్ జిల్లాలో ఉంది. 1997లో ఏర్పడిన ఆ జిల్లాకు బుద్ధుని పేరు పెట్టారు. పురావస్తు శిక్షణ నిచ్చే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థ కూడా ఆ జిల్లాలోనే, గ్రేటర్ నోయిడాలో ఉంది. అటువంటి నగరాల ఇళ్లలో సువాసన గల మర్దన తైలాన్ని స్వయంగా తయారుచేసుకొనేవారు నేడు కనిపిస్తారు. నువ్వుల నూనెలోనో కొబ్బరినూనెలోనో గులాబీ, వట్టివేరు సారాలు కొన్ని చుక్కలు కలిపి సీసాకెత్తడమే వారి పద్ధతి. దానికి ‘ప్రాచీన బౌద్ధ విహారాల సంప్రదాయం’ అన్న పేరు తగిలించడం తేలిక. విహారంలో గంధద్రవ్యపు జాడ కనిపించగానే అది శీలం సడలిన కాలపు గుర్తు అని తీర్పు చెప్పడమూ అంతే తేలిక. వినయ పిటకాన్నీ శాసనాలనూ పక్కపక్కన ఉంచి చదివితే ఈ రెండు మాటలూ నిలవవు.

భిక్షువునకు అనుమతించిన పంచ భేషజాలు నెయ్యి, వెన్న, తైలం, తేనె, బెల్లం. తైలమంటే ఏది అన్న ప్రశ్నకు సుత్త విభంగం నువ్వుల నూనె, ఆవనూనె, ఇప్పనూనె, ఆముదం, జంతువుల కొవ్వు నుండి తీసినది అని సమాధానమిస్తుంది. వీటిలో నువ్వుల నూనెకే ప్రథమ స్థానం. తైల శబ్దం తిల నుండి పుట్టినట్లే, తెలుగు నూనె కూడా నువ్వు, నెయ్యి అనే రెండు మాటల కలయిక.

మహావగ్గలోని భేషజ్జ ఖంధకంలో పిలిందవచ్ఛ స్థవిరుని వ్యాధులు వరుసగా వస్తాయి. తలనొప్పి వచ్చినప్పుడు తలకు నూనె, పాదాలు పగిలినప్పుడు పాదాలకు లేపనం, వాతం వచ్చినప్పుడు కాచిన తైలం అనుమతమయ్యాయి. కాచిన తైలంలో మద్యం కలపాలని వైద్యులు చెప్పగా ఛబ్బగ్గియ భిక్షువులు దానిని అతిగా కలిపి, త్రాగి మత్తెక్కారు. అప్పుడు ఏర్పడిన నియమం చాలా సూక్ష్మమైనది. మద్యపు రంగు, వాసన, రుచి తెలియనంత మేరకే కలిపిన తైలాన్ని త్రాగవచ్చు. అంతకు మించి కలిపినది మిగిలి ఉంటే పారబోయనక్కరలేదు, దానిని అభ్యంగనానికి కేటాయించుకోవచ్చు. అంటే మర్దన తైలమనేది సంఘంలో విలాసంగా ప్రవేశించలేదు. త్రాగరాని మందుకు దొరికిన వినియోగంగా ప్రవేశించింది.

గంధద్రవ్యాల సంగతీ ఇటువంటిదే. కంటి కాటుకలో నూరి కలపడానికి చందనం, తగరం, కాలానుసారి, తాలీసం, భద్రముస్త అనే అయిదింటినీ ఆ ఖంధకమే అనుమతిస్తుంది. ఇవన్నీ సుగంధ వర్తకుని అంగడి సరుకులే. మరొకవైపు మాలా గంధ విలేపనాలను విడిచిపెట్టడం శ్రామణేరుని దశశీలాలలో ఒకటి. ఈ రెంటికీ మధ్య వైరుధ్యం చూచేవారు ద్రవ్యాన్నే లెక్కిస్తున్నారు. వినయం లెక్కించినది ప్రయోజనాన్ని.

భిక్షుణులకు నియమాలు మరింత కఠినంగా ఉన్నాయి. వారి పాచిత్తియాలలో 88వది సుగంధ చూర్ణాలతో స్నానాన్ని, 89వది పరిమళింపజేసిన పిణ్యాకంతో స్నానాన్ని నిషేధిస్తాయి. తరువాతి నాలుగు నియమాలు భిక్షుణి ఇతర స్త్రీల చేత ఒళ్లు పట్టించుకోవడాన్ని, మర్దన చేయించుకోవడాన్ని నిషేధిస్తాయి. అన్నిటికీ వ్యాధి మినహాయింపు. పిణ్యాకం తెలుగువారికి అపరిచితమైనది కాదు, అది మన తెలగపిండి. నూనె తీయగా మిగిలిన ఆ పిండితో ఒళ్లు రుద్దుకోవడం క్రీస్తు పూర్వపు స్త్రీలకు నిత్యవ్యవహారం కాకపోతే దానిపై ప్రత్యేక నియమమే అవసరమయ్యేది కాదు. నిషేధాలను ఆచారానికి సాక్ష్యాలుగా చదవడం పరిశోధకులకు పాత పాఠమే. అయితే ఈ రెండు నియమాలను స్నాన చరిత్రకు వినియోగించినవారు తక్కువ.

భక్తులు గంధం తెచ్చి ఇస్తే ఏం చేయాలి? భిక్షువులు సంకోచించినప్పుడు చుల్లవగ్గ చూపిన మార్గం ఇది: గంధాన్ని స్వీకరించి తలుపుపై అయిదు వేళ్ల ముద్ర వేయవచ్చు, పువ్వులను విహారంలో ఒక పక్కన ఉంచవచ్చు. దేహానికి తగని పరిమళం ద్వారానికి తగింది. ఈ వాక్యాన్ని దృష్టిలో ఉంచుకొని కార్లే చైత్యగృహం ముందు నిలబడితే అక్కడి శాసనం ఆసక్తికరంగా తోస్తుంది. ధేనుకాకటకు చెందిన గంధికుడు సింహదత్తుడు అక్కడ దానం చేసినది గృహముఖం, అనగా ద్వారం. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కార్లేలో ఇతర వృత్తులవారు కూడా ఆలయ భాగాలను దానం చేశారు కనుక దీనిపై సిద్ధాంతం కట్టడం సాహసమవుతుంది. ధేనుకాకటను మన ధాన్యకటకంగా భావించిన తొలి తరం పండితుల అభిప్రాయాన్ని కూడా నేడు ఎక్కువమంది అంగీకరించరు. అయితే గంధికుల దానాలు అమరావతి శాసనాలలోనూ ఉన్నాయి. తన సరుకును ఒంటికి పూసుకోని సంఘానికి గంధికుడు దాత కావడమే ఇక్కడ గమనించదగినది.

నూనె వర్తకులతో సంబంధం ఇంతకంటె స్పష్టం. నాసిక్‌లో ఆభీర రాజు ఈశ్వరసేనుని 9వ సంవత్సరపు శాసనం ప్రకారం, శక స్త్రీ అయిన ఉపాసిక విష్ణుదత్త రోగులైన భిక్షువుల మందుల కోసం శ్రేణుల వద్ద శాశ్వత నిధులు ఉంచింది. ఆ శ్రేణులలో తిలపిషకులది, అనగా గానుగవారిది ఒకటి. నువ్వులు పిండేవారి వద్ద ఉన్న సొమ్ముపై వచ్చే వడ్డీ రోగి మందుగా మారింది.

ఇక తయారీ. నోయిడా ఉన్న ఉత్తరప్రదేశ్‌లోనే కన్నౌజ్, జౌన్‌పూర్ ఉన్నాయి. కన్నౌజ్ అత్తరుకు రాగి డేగ్ కావాలి, వెదురు గొట్టం కావాలి, ఆవిరిని పట్టే భప్కా కావాలి. ఫులేల్ అనే పూల నూనెకు ఇవేవీ అక్కరలేదు. పొట్టు తీసిన నువ్వులను, మల్లె లేదా చమేలీ పువ్వులను పొరలు పొరలుగా పరుస్తారు. గింజలోని కొవ్వు పరిమళాన్ని పీల్చుకొంటుంది. వాడిన పువ్వులు తీసి కొత్తవి పరుస్తూ చాలినంత వాసన పట్టిన తరువాతనే గానుగ ఆడతారు. నేడు ఇళ్లలో పచ్చి పువ్వులను నేరుగా నూనెలో నానబెట్టేవారికి ఎదురయ్యే చిక్కు, పూల తడి వల్ల నూనె పాడవడం, ఈ పద్ధతిలో చాలావరకు తప్పుతుంది. పిండిన తరువాత మిగిలేదీ పరిమళం పట్టిన పిణ్యాకమే. 89వ నియమంలోని పదార్థం ఇటువంటి పద్ధతిలో సహజంగా లభిస్తుంది.

పురావస్తు శాస్త్రానికి దీని పర్యవసానం చిన్నది కాదు. తక్షశిలలోని సిర్కప్‌లో దొరికిన పాత్రల నుండి మార్షల్ బట్టీ పరికరాన్ని ఊహించినప్పటి నుండి పరిమళ చరిత్రను బట్టీల కోసం వెదకడంగా కుదించినవారున్నారు. కృష్ణా తీర విహారాలలో బట్టీ లేకపోవడం సుగంధ తైలం లేదనడానికి ఆధారం కాదు. పువ్వు కుళ్లిపోతుంది, తెలగపిండిని పశువు తింటుంది, గానుగ కొయ్యదైతే మట్టిలో కలుస్తుంది. మిగిలేవి కుండ లోపలి గోడకు ఇంకిన జిడ్డు, నూరుడు రాళ్లు. త్రవ్విన వెంటనే కుండలను కడిగే అలవాటు ఆ జిడ్డు సాక్ష్యాన్నే ముందుగా చెరిపివేస్తుంది.

భిక్షువుల వైపు నుండి మిగిలేది కాలపరిమితి. స్వీకరించిన తైలాన్ని ఏడు రోజులకు మించి నిలువ ఉంచరాదని 23వ నిస్సగ్గియ పాచిత్తియం. మించితే దానిని విడిచిపెట్టాలి. తిరిగి చేతికి వచ్చినా తాను త్రాగరాదు, దీపానికి వాడవచ్చు. మరొక భిక్షువు దానిని ఒంటికి రాసుకోవచ్చు గాని త్రాగరాదు. ఏడు రోజుల లోపలే పైపూతకు కేటాయించిన తైలానికి దోషం లేదు. నోయిడాలోని ఉపాసిక ఒకరు ఇంట కాచిన మర్దన తైలాన్ని కీళ్ల నొప్పితో ఉన్న స్థవిరునికి ఇస్తే, ఆయన మొదట చూడవలసినది సీసాలోని పరిమళాన్ని కాదు, తన నొప్పిని, స్వీకరించిన రోజును.